ఉన్నట్టుండి చెవి వినబడకపోతే వైరస్ కారణమా? తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం, రాజోలు, నరసాపురం, భీమవరం వైపు నుంచి వచ్చే రోగులు, వారి వెంట వచ్చే బంధువులు అడిగే సందేహాలు దాదాపు ఒకే తీరున ఉంటాయి. వాటికి సరైన సమయంలో జవాబు దొరకక విలువైన రోజులు పోగొట్టుకున్నవారు చాలామంది ఉన్నారు. ఆ బాధతోనే ఈ ప్రశ్నలను ఒకచోట చేర్చాము. ఏ ప్రశ్న దగ్గర నుంచైనా చదువుకోవచ్చు, ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది. మందుల మోతాదులు మాత్రం మీ చెవిని పరీక్షించిన వైద్యులే నిర్ణయించాలి కనుక వాటిని ఇక్కడ రాయలేదు.

## మొదటి రోజు

పొద్దున్న లేచేసరికి ఒక చెవి దిమ్ముగా, మూసుకుపోయినట్టుగా ఉందండి. గులిమి అడ్డుపడిందో, లోపల నరం దెబ్బతిందో ఇంట్లోనే తెలుసుకునే వీలుందా?

నోరు మూసుకుని "మ్‌మ్‌మ్" అని కాసేపు సన్నగా శబ్దం చేయండి. ఆ శబ్దం మూసుకుపోయిన చెవిలోనే ఎక్కువగా వినబడితే గులిమి, జలుబు, చెవిలో నీరు వంటి అడ్డంకి ఉండే అవకాశం ఎక్కువ. బాగున్న చెవి వైపు ఎక్కువగా వినబడితే లోపలి చెవి గానీ, వినికిడి నరం గానీ దెబ్బతిని ఉండవచ్చు కాబట్టి ఆ రోజే చెవి వైద్యుల దగ్గరకు వెళ్ళాలి. ఫోనును ఒక చెవి తరువాత మరొక చెవికి పెట్టుకుని తేడా చూడడం కూడా ఉపయోగపడుతుంది. ఇవి దారి చూపే గుర్తులు మాత్రమే. వైద్యులు 512 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కుతో ఇదే విషయాన్ని నిమిషంలో మరింత నమ్మకంగా తేల్చగలరు.

జలుబు చేసింది కదా, దానివల్లే అయ్యుంటుంది. నాలుగు రోజులు చూసి వెళ్తే ఏమవుతుంది?

జలుబు వల్ల చెవి మూసుకుపోవడం నిజంగానే మామూలు విషయం, అది చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. చిక్కల్లా లోపలి చెవి దెబ్బతిన్నప్పుడు కూడా రోగికి సరిగ్గా అదే దిమ్మే అనిపించడంలో ఉంది. మూడు రోజులలోపు, వరుసగా ఉన్న మూడు ఫ్రీక్వెన్సీలలో (శబ్దం సన్నగా, లావుగా ఉండే స్థాయిలలో), కనీసం 30 డెసిబెల్స్ మేర వినికిడి పడిపోవడాన్ని వైద్యులు ఆకస్మిక వినికిడి లోపం అంటారు. దీనికి ఇచ్చే స్టెరాయిడ్ మందును మొదటి రెండు వారాలలోపు, అందులోనూ మొదటి కొద్ది రోజులలో మొదలుపెడితేనే మేలు జరిగే అవకాశం ఎక్కువగా ఉంటుంది.

మందు లేకుండానే కొంత కోలుకునేవారు మూడింట ఒక వంతు నుంచి మూడింట రెండు వంతుల వరకు ఉంటారని అధ్యయనాలు చెబుతున్నాయి. అయితే మీరు ఆ కోలుకునేవారిలో ఉంటారో లేదో ముందుగా చెప్పగల పరీక్ష ఏదీ లేదు. వెళ్ళి చూపించుకున్నాక అది గులిమే అని తేలితే పోయేది ఒక పూట మాత్రమే, ఇంట్లో ఆగిపోతే మాత్రం చెవే పోవచ్చు.

చెవిలో గోరువెచ్చని కొబ్బరినూనె పోయమని మా అమ్మమ్మ అంటున్నారు. పోయవచ్చా?

వద్దు. కర్ణభేరికి చిల్లు ఉంటే నూనె లోపలికి దిగి ఇన్ఫెక్షన్‌కు దారితీయవచ్చు, వేడి ఎక్కువైతే చర్మం కాలుతుంది. నూనెతో నిండిన చెవిలో కర్ణభేరి ఎలా ఉందో చూడడం వైద్యులకూ కష్టమవుతుంది. వెల్లుల్లి రసం, ఆకు పసర్లు, అగ్గిపుల్లలు, పిన్నీసులు కూడా చెవిలోకి వెళ్ళకూడదు.

ఏ లక్షణాలు ఉంటే ఆలోచించకుండా పెద్దాసుపత్రికి వెళ్ళాలి?

వినికిడి పోవడంతోపాటు మూతి వంకర పోయినా, మాట ముద్దగా వచ్చినా, కాలూ చేయీ పట్టు తప్పినా, చూపు రెండుగా కనిపించినా, నిలబడలేనంతగా కళ్ళు తిరిగినా అది పక్షవాతం కావచ్చు, 108కి ఫోన్ చేయండి. లోపలి చెవికి రక్తాన్ని తీసుకువెళ్ళే సన్నని ధమని మెదడు వెనుక భాగపు రక్తనాళాల నుంచే బయలుదేరుతుంది. అక్కడ అడ్డంకి ఏర్పడితే చెవి, మెదడు రెండూ ఒకేసారి దెబ్బతినవచ్చు. తీవ్రమైన తలనొప్పి, మెడ పట్టేయడం, జ్వరంతోపాటు వినికిడి తగ్గితే మెదడు పొరల వాపును అనుమానించాలి. రెండు చెవులూ ఒకేసారి వినబడకపోవడం చాలా అరుదు కాబట్టి, అలా జరిగినా కూడా ఆలస్యం చేయకూడదు.

మాది లంక ఊరు. వరద వచ్చి దారి మూసుకుపోయింది. ఆసుపత్రికి చేరడానికి రోజులు పట్టేట్టుంది. అంతవరకు ఏం చేయాలి?

ఈ-సంజీవని (ఫోను ద్వారా వైద్యులతో మాట్లాడే ప్రభుత్వ సేవ) ద్వారా గానీ, తెలిసిన చెవి వైద్యులకు ఫోన్ చేసి గానీ ఎప్పుడు మొదలైందో, కళ్ళు తిరుగుతున్నాయో లేదో, షుగరు, బీపీ ఉన్నాయో, ఏ మందులు వాడుతున్నారో స్పష్టంగా చెప్పండి. ఊళ్ళోకి వైద్య శిబిరం వస్తే అక్కడి డాక్టరు గారు చెవి లోపల చూసి, ట్యూనింగ్ ఫోర్కుతో పరీక్షించగలరు. వినికిడి పరీక్ష యంత్రం అందుబాటులో లేదన్న ఒక్క కారణంతో చికిత్స ఆగిపోవలసిన పని లేదు, ఆ నిర్ణయం వైద్యులు తీసుకోగలరు. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్లు మీ అంతట మీరు కొనుక్కోవద్దు.

## వైరస్ సంగతి

వైరస్ వల్ల చెవి పోయి ఉంటుందని డాక్టరు గారు అన్నారు. అది ఏ వైరసో రక్తపరీక్షలో తేలుతుందా?

చాలామందిలో తేలదు. ఆకస్మిక వినికిడి లోపం వచ్చినవారిలో దాదాపు 90 శాతం మందికి ఎన్ని పరీక్షలు చేసినా కచ్చితమైన కారణం దొరకదు. లోపలి చెవి పుర్రెలోని అత్యంత గట్టి ఎముక మధ్యలో, ద్రవంతో నిండి ఉంటుంది. వినికిడిని పణంగా పెట్టకుండా బతికి ఉన్న మనిషి నుంచి అక్కడి ముక్కను పరీక్షకు తీయలేము. అందుకే వైద్యులు "కావచ్చు" అనే మాటను జాగ్రత్తగా వాడతారు.

రక్తంలో ఒక వైరస్‌కు వ్యతిరేకంగా యాంటీబాడీలు కనిపించినంత మాత్రాన చెవిని దెబ్బతీసింది అదేనని చెప్పలేము. హెర్పిస్ సింప్లెక్స్, సైటోమెగాలో వైరస్ వంటివి మన దేశంలో పెద్దవారిలో అత్యధికులకు ఎప్పుడో ఒకప్పుడు సోకినవే కాబట్టి, ఆరోగ్యంగా ఉన్నవారి రక్తంలో కూడా ఆ యాంటీబాడీలు ఉంటాయి. వేల రూపాయల విలువైన వైరస్ పరీక్షల జాబితా పట్టుకుని ల్యాబుల చుట్టూ తిరగడం కన్నా, ఆ సమయాన్ని వినికిడి పరీక్షకూ చికిత్సకూ ఉపయోగించడం మంచిదన్నది మా గట్టి అభిప్రాయం. చికిత్సనే మార్చగల కారణాలు కొన్ని ఉన్నాయి, చెవి దగ్గర వచ్చే సర్పి, హెచ్‌ఐవీ, సిఫిలిస్ వంటివి. లక్షణాలను బట్టి వైద్యులు వాటి కోసం ప్రత్యేకంగా వెతుకుతారు.

అసలు వైరస్ లోపలి చెవిని ఎలా పాడుచేస్తుందండి?

మూడు దారులను శాస్త్రవేత్తలు ప్రతిపాదిస్తున్నారు. వైరస్ రక్తం ద్వారా గానీ, మెదడు చుట్టూ ఉండే ద్రవం ద్వారా గానీ కాక్లియాలోకి (లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే నత్తగుల్ల ఆకారపు భాగంలోకి) చేరి అక్కడి కణాలను నేరుగా దెబ్బతీయడం మొదటిది. చిన్నప్పుడే వచ్చి నరాల కణుపులలో నిద్రాణంగా ఉండిపోయిన వైరస్, ఒంట్లో నిరోధక శక్తి తగ్గిన సమయంలో మళ్ళీ మేల్కొనడం రెండోది. వైరస్‌ను ఎదుర్కోవడానికి శరీరం పంపిన రక్షణ వ్యవస్థే పొరపాటున లోపలి చెవిలో వాపు కలిగించడం మూడోది, స్టెరాయిడ్లు పనిచేయడానికి ఈ వాపును తగ్గించడమే కారణమై ఉండవచ్చు. కాక్లియాలో శబ్దాన్ని గ్రహించే రోమకణాలు సుమారు 15,000 ఉంటాయి, మనుషులలో అవి ఒకసారి చనిపోతే మళ్ళీ పుట్టవు. ఆ కణాలు దెబ్బతిని ఇంకా చనిపోకుండా ఉన్న కొద్ది రోజులే చికిత్సకు దొరికే అవకాశం.

మా అబ్బాయికి గవదబిళ్లలు తగ్గిన తరువాత ఫోను ఎప్పుడూ ఎడమ చెవికే పెట్టుకుంటున్నాడు. రెండింటికీ సంబంధం ఉందా?

ఉండవచ్చు, వెంటనే వినికిడి పరీక్ష చేయించండి. చెవిని దెబ్బతీస్తుందని బాగా రుజువైన వైరస్‌లలో గవదబిళ్లల వైరస్ ఒకటి. అది సాధారణంగా ఒక చెవినే దెబ్బతీస్తుంది, కానీ ఆ దెబ్బ చాలా తీవ్రంగా ఉండి ఎక్కువమందిలో శాశ్వతంగా మిగిలిపోతుంది. గవదబిళ్లలు వచ్చినవారిలో వినికిడి కోల్పోయేవారు 20,000 మందిలో ఒకరని పాత అంచనాలు చెప్పేవి. జపాన్‌లో జాగ్రత్తగా పరీక్షించి చూసిన అధ్యయనంలో సుమారు 1,000 మందిలో ఒకరని తేలింది. బుగ్గలు వాయకుండానే ఈ వైరస్ చెవిని దెబ్బతీసిన సందర్భాలు కూడా ఉన్నాయి.

రెండో చెవి బాగా పనిచేస్తుంది కాబట్టి చిన్నపిల్లలు తమకు వినబడడం లేదని చెప్పరు, తల్లిదండ్రులకు నెలల తరువాత గానీ తెలియదు. కొన్ని ఇళ్ళలో గవదబిళ్లలకు గంధం రాసి, మెడలో బంగారు గొలుసు వేసి ఊరుకుంటారు. వాపు ఎలాగూ కొద్ది రోజులలో తగ్గుతుంది కాబట్టి ఆ నమ్మకం నిలిచిపోయింది. వాపు ఉన్న రోజులలోనూ, ఆ తరువాతి వారాలలోనూ బిడ్డ ఒక్కో చెవి దగ్గర మెల్లగా మాట్లాడి, వినబడుతోందో లేదో చూడడం ఏ తల్లి అయినా చేయగల పని.

చెవి లోపల పొక్కులు లేచి, విపరీతమైన పోటు వచ్చి, తరువాత మూతి వంకర పోయింది. సర్పి అంటున్నారు. చెవికి కూడా సర్పి వస్తుందా?

వస్తుంది. చిన్నప్పుడు అమ్మవారు, అంటే ఆటలమ్మ, వచ్చి తగ్గినా ఆ వరిసెల్లా జోస్టర్ వైరస్ ఒంట్లోనే నరాల కణుపులలో ఉండిపోతుంది. అది ముఖ నరం దగ్గర మళ్ళీ విజృంభిస్తే చెవి పోటు, చెవి డొప్ప మీద గానీ లోపల గానీ నీటి పొక్కులు, ముఖం ఒక వైపు వంకర పోవడం, వినికిడి తగ్గడం, కళ్ళు తిరగడం వస్తాయి. 1907లో దీన్ని వివరించిన అమెరికా నరాల వైద్యుడి పేరు మీద దీన్ని రామ్‌సే హంట్ సిండ్రోమ్ అంటారు.

వైరస్ పేరు తెలియడం వల్ల వైద్యం నిజంగా మారే సందర్భం ఇది. ఇక్కడ స్టెరాయిడ్‌తోపాటు ఎసైక్లోవిర్ లేదా వాలసైక్లోవిర్ వంటి యాంటీవైరల్ మందులు ఇస్తారు, మొదటి 72 గంటలలో మొదలుపెడితే కోలుకునే అవకాశం మెరుగ్గా ఉంటుంది. సర్పికి మంత్రం వేయించి, పసరు పూయించి మూడు రోజులు ఆగడమంటే ఆ 72 గంటలూ చేజారిపోవడమే. పొక్కులు మూతి వంకర పోయాక కూడా కనిపించవచ్చు; అందువల్ల పొక్కులు లేవని ధైర్యపడకుండా, చెవి పోటుతో ముఖం వంకర పోయిన ప్రతి ఒక్కరూ ఆ రోజే వైద్యులకు చూపించుకోవాలి. కన్ను మూతపడకపోతే గుడ్డు ఎండిపోకుండా చుక్కల మందు కూడా అవసరం.

తట్టు వచ్చినా చెవుడు వస్తుందా?

వస్తుంది. తట్టు వైరస్ లోపలి చెవిని నేరుగా దెబ్బతీయగలదు, అప్పుడు తరచుగా రెండు చెవులూ దెబ్బతింటాయి. తట్టు తరువాత వచ్చే మధ్యచెవి చీము వల్ల కూడా వినికిడి తగ్గవచ్చు, దానికి మంచి చికిత్స ఉంది. టీకాలు రాకముందు పిల్లలలో చెవుడుకు తట్టు ఒక ముఖ్యమైన కారణంగా ఉండేది.

డెంగీ జ్వరం తగ్గిన వారానికి చెవిలో హోరు మొదలై వినికిడి తగ్గింది. చికున్‌గున్యా వచ్చినవారికీ ఇలా అవుతుందా?

డెంగీ, చికున్‌గున్యాల తరువాత ఆకస్మిక వినికిడి లోపం వచ్చిన రోగుల గురించి వైద్య పత్రికలలో విడివిడి నివేదికలు ఉన్నాయి. ఆ జ్వరాలు వచ్చిన లక్షలాది మందితో పోలిస్తే ఇటువంటివారు చాలా తక్కువ. అయినా జ్వరం తరువాత చెవి మారితే దాన్ని నీరసం ఖాతాలో వేయకుండా పరీక్ష చేయించాలి. చివరిసారి ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయో తెలిపే రిపోర్టు వెంట తీసుకువెళ్ళండి, మందు ఎంపికలో అది అవసరమవుతుంది.

వైరస్ మీదికి నింద వేసేముందు జ్వరంలో వాడిన మందులను కూడా చూడాలి. జెంటామైసిన్, అమికాసిన్, స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు లోపలి చెవికి హాని చేయగలవు, ఎక్కువ మోతాదులో ఆస్పిరిన్ చెవిలో హోరు పుట్టిస్తుంది, కీళ్ళనొప్పులకు ఎక్కువ కాలం వాడే క్లోరోక్విన్ వల్ల కూడా వినికిడి సమస్యలు వచ్చిన సందర్భాలు ఉన్నాయి. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారి దగ్గర జ్వరానికి ఇంజెక్షన్ చేయించుకున్నప్పుడు ఆ మందు పేరు చీటీ మీద రాయించుకోండి, అడగడంలో తప్పేమీ లేదు.

ఈ రెండు జ్వరాలనూ తెచ్చే ఏడిస్ దోమ మురుగు కాలువలలో కన్నా ఇంటి చుట్టూ నిలిచిన మంచినీటిలో పెరుగుతుంది. కోనసీమలో వలిచి పారేసిన కొబ్బరి చిప్పలు, బోండాలు వాన నీటితో నిండి దానికి అనువైన తావులవుతాయి. వాటిని బోర్లించడం చెవికీ రక్షణే.

కోవిడ్ వల్ల, కోవిడ్ టీకా వల్ల చెవులు పోయాయని విన్నాం. నిజమేనా?

కోవిడ్ వచ్చినవారిలో కొందరికి ఆకస్మిక వినికిడి లోపం, చెవిలో హోరు, కళ్ళు తిరగడం వచ్చినట్టు నివేదికలు ఉన్నాయి. అయితే పెద్ద సంఖ్యలో ప్రజలను పరిశీలించిన అధ్యయనాలు అన్నీ ఒకే ఫలితాన్ని చూపలేదు. టీకా విషయంలో, అమెరికాలో నమోదైన ఫిర్యాదులను పరిశీలించినప్పుడు సాధారణ ప్రజలలో ఉండే స్థాయిని మించి ఈ సమస్య పెరిగినట్టు కనిపించలేదు. కోవిడ్ కారణమైనా, కాకపోయినా చికిత్స ఒకటే, దానికి ఉన్న గడువూ ఒకటే.

చెవి కోసం వెళ్తే హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు రాశారు. మమ్మల్ని అనుమానిస్తున్నారా?

లేదు, ఇందులో రోగి నడవడిక మీద తీర్పు ఏమీ లేదు. హెచ్‌ఐవీ వల్ల నేరుగా గానీ, దానితో వచ్చే ఇతర ఇన్ఫెక్షన్ల వల్ల గానీ వినికిడి తగ్గవచ్చు. సిఫిలిస్ వైరస్ కాదు, బాక్టీరియా. అది లోపలి చెవిని దెబ్బతీస్తే పెన్సిలిన్‌తో నయం చేసే అవకాశం ఉంటుంది. చికిత్స ఉన్న కారణాన్ని వదిలేయకూడదనే వైద్యులు ఈ పరీక్షలు రాస్తారు.

## పరీక్షలు

ఆడియోమెట్రీ అంటే ఏమిటి? ఎక్కడ చేస్తారు?

శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, సన్నని శబ్దాలు వినిపిస్తారు. వినబడినప్పుడల్లా మీట నొక్కాలి. నొప్పి ఉండదు, సూది ఉండదు, అరగంటలోపు అయిపోతుంది. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని చెవి, ముక్కు, గొంతు విభాగం వంటి బోధనాసుపత్రులలోనూ, డెల్టాలోని పెద్ద పట్టణాల చెవి ఆసుపత్రులలోనూ ఈ సౌకర్యం ఉంటుంది. వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 14 రోజులలోపు ఈ పరీక్ష జరగాలి. మొదటి రిపోర్టు పారేయవద్దు, కోలుకున్నారో లేదో తేల్చడానికి తరువాతి పరీక్షలను దానితోనే పోల్చి చూస్తారు.

వైరస్ అని చెబుతూనే ఎంఆర్‌ఐ ఎందుకు రాస్తున్నారు?

వినికిడి నరం మీద పెరిగే ప్రమాదకరం కాని గడ్డ, అరుదుగానే అయినా, ఉన్నట్టుండి వినబడకపోవడంతోనే మొదటిసారి బయటపడవచ్చు. స్టెరాయిడ్‌తో వినికిడి తిరిగి వచ్చినా ఆ గడ్డ లేదని నిర్ధారించలేము. ఎంఆర్‌ఐకి తేదీ ఆలస్యంగా దొరికినా ఫరవాలేదు, మందు మొదలుపెట్టడం మాత్రం దానికోసం ఆగకూడదు. తలకు దెబ్బ తగలడం వంటి ప్రత్యేక కారణం లేనప్పుడు సీటీ స్కాన్ వల్ల ఇక్కడ పెద్దగా ప్రయోజనం లేదు.

## చికిత్స

వైరస్‌కు స్టెరాయిడ్ ఇవ్వడమేమిటి? అది ప్రమాదం కాదా?

ఈ సందేహం సహజమైనది. ఇక్కడ స్టెరాయిడ్ వైరస్‌ను చంపడానికి కాదు, లోపలి చెవిలోని వాపును తగ్గించడానికి. 1980లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో స్టెరాయిడ్ తీసుకున్నవారిలో 61 శాతం మంది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 32 శాతం మంది కోలుకున్నారు. తరువాత వచ్చిన అధ్యయనాలు అన్నీ అంత స్పష్టంగా లేవు, నిజాయితీ గల వైద్యులు ఆ సంగతి దాచరు. పోయిన వినికిడి జీవితాంతం తిరిగి రాకపోయే ప్రమాదం ఒక వైపు, కొద్ది రోజుల మందు వల్ల కలిగే ఇబ్బంది మరో వైపు ఉన్నప్పుడు, ప్రపంచంలో ఎక్కువమంది చెవి వైద్యులు మందు ఇవ్వడం వైపే మొగ్గుతున్నారు. మోతాదు పెంచితే ఫలితం పెరుగుతుందని కూడా అనుకోవద్దు. అతి ఎక్కువ మోతాదులో ఇచ్చి చూసినప్పుడు అదనపు మేలు కనిపించలేదు. కడుపులో పుండు, క్షయ, గ్లాకోమా ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి, వైద్యులు చెప్పిన రోజుకు ముందు మందు ఆపకూడదు.

నాకు షుగరు ఎక్కువండి. స్టెరాయిడ్ వేసుకుంటే ఇంకా పెరుగుతుందంటున్నారు. మరి నా గతేమిటి?

మాత్రల రూపంలో స్టెరాయిడ్ తీసుకుంటే షుగరు పెరగడం నిజమే, కానీ చికిత్స మానుకోవడానికి అది కారణం కాదు. రోజూ షుగరు చూసుకుంటూ ఇన్సులిన్ సర్దుబాటు చేసుకోవడం ఒక మార్గం. కర్ణభేరి గుండా సన్నని సూదితో మధ్యచెవిలోకే స్టెరాయిడ్ ఇవ్వడం మరో మార్గం. ఇలా ఇచ్చిన మందు రక్తంలోకి చాలా తక్కువగా వెళ్తుంది. మాత్రలతో పోలిస్తే ఈ పద్ధతి ఫలితం తక్కువేమీ కాదని 2011లో వచ్చిన పెద్ద అధ్యయనం చూపింది. మాత్రలతో కోలుకోనివారికి రెండు నుంచి ఆరు వారాల మధ్య ఇదే పద్ధతిని రెండో ప్రయత్నంగా కూడా వాడతారు.

వైరస్ అయితే యాంటీవైరల్ మందు వేసుకుంటే సరిపోదా?

చెవి సర్పిలో యాంటీవైరల్ అవసరం. పొక్కులు, ముఖం వంకర వంటి గుర్తులు లేని మామూలు ఆకస్మిక వినికిడి లోపంలో మాత్రం స్టెరాయిడ్‌కు యాంటీవైరల్ జోడించి చూసిన అధ్యయనాలలో అదనపు ప్రయోజనం కనిపించలేదు. అందువల్ల అందరికీ ఇవ్వమని మార్గదర్శకాలు చెప్పడం లేదు.

నరాల టాబ్లెట్లు, విటమిన్లు వాడితే వినికిడి వస్తుందా?

వాటితో వినికిడి తిరిగి వస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదు. వాటిని నమ్ముకుని అసలు చికిత్సకు ఉన్న రెండు వారాలనూ గడిపేయడమే పెద్ద నష్టం.

ఆక్సిజన్ గదిలో కూర్చోబెట్టే వైద్యం గురించి విన్నాం. అది పనిచేస్తుందా?

అధిక పీడనంతో ఆక్సిజన్ ఇచ్చే ఈ పద్ధతిని స్టెరాయిడ్‌తో కలిపి మొదటి రెండు వారాలలో, లేదా కోలుకోనివారికి నెలలోపు ప్రయత్నించవచ్చు. సౌకర్యం పెద్ద నగరాలలోనే ఉంటుంది, ఖర్చు ఎక్కువ. అప్పు చేసి మరీ వెళ్ళవలసినంత గట్టి ఆధారం దీనికి లేదని మేము అనుకుంటున్నాము.

## గర్భిణులు, పసిపిల్లలు, టీకాలు

గర్భంతో ఉన్నప్పుడు ఒళ్ళంతా దద్దుర్లు వచ్చి తగ్గిపోయాయి. బిడ్డ చెవులకు ఏమైనా అవుతుందా?

ఆ దద్దుర్లు రుబెల్లా వల్ల వచ్చినవైతే అవకాశం ఉంది, ముఖ్యంగా మొదటి మూడు నెలలలో. రుబెల్లా తల్లికి చిన్న జ్వరంలా వచ్చి పోతుంది, గర్భంలోని బిడ్డకు మాత్రం చెవుడు, కంటిలో శుక్లాలు, గుండె లోపాలు కలిగించగలదు. వెంటనే ప్రసూతి వైద్యులకు చెప్పి రక్తపరీక్ష చేయించండి, ఏఎన్‌ఎం గారికి కూడా తెలియజేయండి. రుబెల్లా టీకా గర్భంతో ఉన్నప్పుడు వేయరు. పెళ్ళికి ముందే వేయించుకుని, ఆ తరువాత కనీసం నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి.

పుట్టినప్పుడు చెవి పరీక్ష బాగానే ఉంది. రెండేళ్ళకు వినబడడం లేదంటున్నారు. ఇదెలా జరుగుతుంది?

గర్భంలో సోకే సైటోమెగాలో వైరస్ వల్ల ఇలా జరగవచ్చు. పుట్టుకతో వచ్చే వినికిడి లోపాలలో, వంశపారంపర్యం కానివాటిలో, ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన కారణం. ఈ వైరస్‌తో పుట్టిన ఎక్కువమంది బిడ్డలు చూడడానికి పూర్తి ఆరోగ్యంగా ఉంటారు, కొందరికి నెలలు, ఏళ్ళ తరువాత వినికిడి తగ్గడం మొదలవుతుంది. పుట్టిన 21 రోజులలోపు మూత్రం గానీ లాలాజలం గానీ పరీక్షిస్తేనే అది గర్భంలో సోకిందని కచ్చితంగా చెప్పగలరు, ఆ గడువు దాటితే తేల్చడం కష్టం. అందుకే మొదటి పరీక్షలో తప్పిన బిడ్డను "పెద్దయ్యాక చూద్దాం" అని వదిలేయకుండా బెరా పరీక్షకు (శబ్దానికి వినికిడి నరం, మెదడు స్పందిస్తున్నాయో లేదో చూసే పరీక్షకు) తీసుకువెళ్ళాలి. మొదటి నెలలో వడపోత పరీక్ష, మూడో నెలకు నిర్ధారణ, ఆరో నెలకు వినికిడి యంత్రం లేదా శిక్షణ మొదలుకావాలన్నది పాటించవలసిన లెక్క.

గర్భిణులు ఇంట్లోని చిన్నపిల్లల ఎంగిలి తినకపోవడం, వారి చెమ్చాలు పంచుకోకపోవడం, ఉచ్చగుడ్డలు మార్చాక సబ్బుతో చేతులు కడుక్కోవడం ఈ వైరస్ నుంచి కొంత రక్షణ ఇస్తాయి. ముద్దు చేస్తూ బిడ్డ ఎంగిలి తినడం మన ఇళ్ళలో ప్రేమకు గుర్తే, ఆ తొమ్మిది నెలలూ దాన్ని పక్కన పెట్టడం మంచిది.

పీహెచ్‌సీలో టీకాలన్నీ వేయించాం. గవదబిళ్లల టీకా అందులో ఉన్నట్టేనా?

ప్రభుత్వ కార్యక్రమంలో 9–12 నెలల మధ్య, 16–24 నెలల మధ్య వేసేది ఎంఆర్ టీకా. అందులో తట్టు, రుబెల్లాలకు రక్షణ ఉంటుంది, గవదబిళ్లలకు ఉండదు. గవదబిళ్లలకు కూడా రక్షణ కావాలంటే ఎంఎంఆర్ టీకా వేయించాలి, దాన్ని ప్రస్తుతం ఎక్కువమంది ప్రైవేటుగానే వేయించుకుంటున్నారు. భారతీయ శిశువైద్యుల సంఘం దీన్ని 9 నెలలు, 15 నెలలు, 4–6 ఏళ్ళ వయసులలో వేయించమంటుంది. బిడ్డ కార్డు తీసుకువెళ్ళి పిల్లల వైద్యులను అడిగితే, ఇప్పటికే వేసిన ఎంఆర్ మోతాదులను బట్టి ఇంకా ఎన్ని కావాలో చెబుతారు.

## చికిత్స తరువాత

పోయిన వినికిడి మళ్ళీ వస్తుందా? ఎన్నాళ్ళు ఎదురుచూడాలి?

మొదటి రెండు వారాలలో మెరుగుదల కనిపిస్తే అది మంచి సూచన. వినికిడి కొద్దిగానే తగ్గినవారు, లావుపాటి (మంద్ర) శబ్దాలు మాత్రమే వినబడనివారు, కళ్ళు తిరగనివారు బాగా కోలుకుంటారు. పూర్తిగా వినబడకుండా పోయి, తీవ్రంగా కళ్ళు తిరిగినవారికి, వృద్ధులకు అవకాశం తక్కువ. చికిత్స పూర్తయ్యాక ఒకసారి, ఆరు నెలలలోపు మరొకసారి ఆడియోమెట్రీ చేయించాలి. ఆరు నెలల తరువాత పెద్ద మార్పు వస్తుందని ఎవరైనా ఆశ పెట్టి డబ్బు అడిగితే నమ్మవద్దు.

వినికిడి కొంత వచ్చింది గానీ చెవిలో హోరు పోవడం లేదు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

హోరు ప్రాణాంతకం కాదు, చాలామందిలో నెలలు గడిచేకొద్దీ దాని బాధ తగ్గుతుంది. పూర్తి నిశ్శబ్దంలో అది పెద్దగా వినిపిస్తుంది కాబట్టి ఫ్యాను చప్పుడో, తక్కువ శబ్దంతో రేడియోనో ఉంచుకుని పడుకోవడం మేలు. వినికిడి యంత్రం పెట్టుకున్నవారిలో హోరు తగ్గడం తరచుగా చూస్తాము. నిద్రలేమితో మనసు కుంగిపోతుంటే, ఆ మాట వైద్యులకు సిగ్గుపడకుండా చెప్పండి.

ఒక చెవి పూర్తిగా పోయింది. యంత్రాలు ఏమైనా పనికొస్తాయా? సదరం సర్టిఫికెట్ వస్తుందా?

వినబడని వైపు శబ్దాన్ని బాగున్న చెవికి చేరవేసే క్రాస్ రకం యంత్రాలు ఉన్నాయి, కొందరికి కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్‌తో లోపలి చెవిలో అమర్చే యంత్రం) కూడా పనికివస్తుంది. కొనేముందు కొద్ది రోజులు వాడి చూడనివ్వమని అడగండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వినికిడి వైకల్యాన్ని రెండు చెవులలోనూ 60 డెసిబెల్స్ నుంచి మొదలయ్యే లోపంగా నిర్వచించింది. అందువల్ల ఒక్క చెవి మాత్రమే పోయినవారికి సదరం శిబిరంలో పింఛనుకు సరిపడే శాతం సాధారణంగా రాదు. ఈ సంగతి ముందే తెలిస్తే, దళారికి డబ్బిచ్చి మోసపోకుండా ఉంటారు.

మిగిలిన చెవికి కూడా ఇలాగే అవుతుందని భయంగా ఉంది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

రెండో చెవికి ఇదే జబ్బు రావడం అరుదు, ఇంట్లో మరొకరికి వినికిడి లోపం అంటుకోవడమన్నది ఉండదు. అయినా ఇకమీదట మీకున్నది ఒకే చెవి కాబట్టి సంక్రాంతి బరుల దగ్గరి డీజే పెట్టెలకు, దీపావళి బాంబులకు దూరంగా ఉండండి. రైసు మిల్లులోనో, జనరేటరు పక్కనో పనిచేసేవారు చెవి రక్షణ తొడుగులు వాడాలి. ఏ జబ్బుకు వైద్యుల దగ్గరకు వెళ్ళినా ఒక చెవి పోయిందని ముందే చెబితే, చెవికి హాని చేసే ఇంజెక్షన్లకు బదులు వేరే మందు చూస్తారు. రోడ్డు దాటేటప్పుడు శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో తెలియదు కనుక రెండు వైపులా చూసి దాటండి. మిగిలిన చెవిలో దిమ్ము గానీ కొత్త హోరు గానీ మొదలైతే పాత మందుల చీటీతో మాత్రలు కొనుక్కోకుండా, మొదటి ఆడియోమెట్రీ రిపోర్టు వెంటబెట్టుకుని ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.